అక్షరం ఎవరి ఆస్తి? లె మాన్ హత్యల నుంచి ‘లా సెరెమొనీ’ దాకా

ధనికుల ఇంట్లో పనిమనిషి యజమానుల్ని చంపిందంటే పత్రికలు వెంటనే రెండు ప్రశ్నలు వేస్తాయి. ఆమెకి పిచ్చా? లేక ఆమె వెనక ఎవరైనా వున్నారా? ఆ ఇంట్లో ఆమె బతుకు ఎలాంటిదన్న మూడో ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. అది కూడా తరచుగా రచయితలో, కళాకారులో పూనుకుని అడిగితేనే వస్తుంది. ‘సైకలాజికల్ థ్రిల్లర్’ అన్న పేరుతో చలామణి అవుతున్న సినిమాల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. మనస్తత్వాన్ని సమాజం నుంచి విడదీసి, నేరాన్ని ఒక వ్యక్తి నరాల్లోనో బాల్యంలోనో బంధించి, ప్రేక్షకుణ్ణి నిశ్చింతగా ఇంటికి పంపేస్తాయి. వర్గం గురించి మాట్లాడేవాళ్ళలో కొందరు దీనికి విరుగుడుగా మరో తప్పు చేస్తారు. మనస్తత్వం అనే మాటే బూర్జువా భ్రమ అని కొట్టిపారేసి, హంతకుల్ని అమరుల్ని చేసేస్తారు.

ఈ రెండింటికీ లొంగని సినిమా ఒకటుంది. ఫ్రెంచి దర్శకుడు క్లోద్ షబ్రోల్ 1995లో తీసిన ‘లా సెరెమొనీ’. ఒక సంపన్న కుటుంబం, చదవటం రాని ఒక పనిమనిషి, ఆమె స్నేహితురాలైన పోస్టాఫీసు ఉద్యోగిని, చివర నాలుగు హత్యలు. స్థూలంగా ఇంతే కథ. కాని ఈ కథకి వెనక అరవై రెండేళ్ళ చరిత్ర వుంది. ఆ చరిత్ర తెలిస్తే గాని షబ్రోల్ ఏ ప్రశ్నకి జవాబు చెబుతున్నాడో మనకి బోధపడదు.

1

1933 ఫిబ్రవరి 2. ఫ్రాన్సులో లె మాన్ అనే పట్టణం. అక్కడ లాన్సెలాన్ అనే రిటైరైన న్యాయవాది ఇంట్లో క్రిస్టీన్ పపాన్, లేయా పపాన్ అనే అక్కచెల్లెళ్ళు ఆరేడేళ్ళుగా పనిచేస్తున్నారు. అక్కకి ఇరవై ఏడేళ్ళు, చెల్లెలికి ఇరవై ఒకటి. ఆ సాయంత్రం యజమానురాలూ, ఆమె కూతురూ బయటినుంచి వచ్చేసరికి ఇంట్లో దీపాలు లేవు. ఇస్త్రీపెట్టె చెడిపోయి కరెంటు పోయింది. మాటా మాటా పెరిగింది. కొద్దిసేపట్లో తల్లీ కూతుళ్ళిద్దరూ శవాలయ్యారు. బతికుండగానే వాళ్ళ కళ్ళు పీకేశారు. పోలీసులు తలుపులు తెరిపించుకుని వచ్చేసరికి అక్కచెల్లెళ్ళిద్దరూ తమ గదిలో ఒకే మంచం మీద వున్నారు. పారిపోయే ప్రయత్నం చెయ్యలేదు. నేరం కాదనలేదు.

ఫ్రెంచి సమాజం ఉలిక్కిపడింది. పైకి చూస్తే ఆ ఇల్లు చెడ్డ ఇల్లు కాదు. తిండి పెట్టారు, జీతం ఇచ్చారు, పడుకోవటానికి గది ఇచ్చారు. అక్కచెల్లెళ్ళు కూడా పేరుపడ్డ పనిమంతులు. మరి ఎందుకు చంపారు? కోర్టు నియమించిన వైద్యులు ఇద్దరికీ మతి స్థిమితంగానే వుందని తేల్చారు. సెప్టెంబరులో విచారణ జరిగింది. క్రిస్టీన్‌కి మరణశిక్ష, లేయాకి పదేళ్ళ కఠిన శిక్ష పడ్డాయి. తరవాత క్రిస్టీన్ మరణశిక్ష తగ్గించారు గాని ఆమె ఎక్కువ కాలం బతకలేదు. 1937లో రెన్ నగరంలోని పిచ్చాసుపత్రిలో చనిపోయింది. స్థిమితంగా వుందని న్యాయస్థానం తేల్చిన మనిషి చివరికి చేరింది పిచ్చాసుపత్రికే.

ఈ కేసుని ఫ్రెంచి మేధావులు ఎలా చదివారో గమనిస్తే మన చర్చకి అవసరమైన సరంజామా అంతా అందులోనే దొరుకుతుంది. అధివాస్తవికులు 1933 మే నెలలో తమ పత్రికలో అక్కచెల్లెళ్ళ ఫోటోలు రెండు పక్కపక్కన వేశారు. మొదటిది బుద్ధిగా జుట్టు దువ్వుకుని తెల్లకాలర్లతో దిగిన ఫోటో, రెండోది అరెస్టయిన తరవాతది. వాళ్ళ దృష్టిలో ఇది బూర్జువా ఇంటి కప్పు పేల్చేసిన విస్ఫోటనం. అదే ఏడాది డిసెంబరులో ఝాక్ లకాఁ అనే యువ మనోవైద్యుడు ‘మినోతోర్’ పత్రికలో వ్యాసం రాసి, ఇద్దరు మనుషులు ఒకే భ్రాంతిలో బతికే మానసిక వ్యాధిగా దీన్ని వివరించాడు. అయితే ఆయన కూడా ఒక సామాజిక సత్యాన్ని దాటిపోలేకపోయాడు. ఆ ఇంట్లో యజమానులకీ పనివాళ్ళకీ మధ్య మాటలే లేవని గుర్తించి రాశాడు. సిమోన్ ద బొవా 1960లో వెలువడిన తన ఆత్మకథా భాగంలో ఈ కేసుని గుర్తు చేసుకుంది. తామంతా మొదట సమాజాన్నే ముద్దాయిగా నిలబెట్టామనీ, క్రిస్టీన్ జబ్బు సంగతి బయటపడ్డాక దాన్ని ఒప్పుకోవటానికి మనసు రాలేదనీ దాపరికం లేకుండా రాసుకుంది.

ఆ నిజాయితీ మనకి విలువైనది. పిచ్చి అంటే వర్గం కాదనీ, వర్గం అంటే పిచ్చి కాదనీ అనుకునే అలవాటు ఇరుపక్షాల్లోనూ వుంది. కాని ఒక మనిషి మనసు చెడిపోవటానికి కూడా స్థలమూ కాలమూ వుంటాయి. అనాథ శరణాలయంలో పెరిగి, సంపాదించిన జీతం తల్లి చేతిలో పోసి, పరాయి ఇంటి పైగదిలో ఏళ్ళ తరబడి ఒకరికొకరు తప్ప మరో మనిషి లేకుండా బతికిన అక్కచెల్లెళ్ళ భ్రాంతి గాలిలోంచి పుట్టింది కాదు. అది ఏ రూపం తీసుకోవాలో ఆ ఇల్లే నేర్పింది.

2

లె మాన్ సంఘటన నాటకంలోకీ సినిమాలోకీ ప్రవేశించిన తీరుని ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1947లో ఝాన్ ఝెనే ‘లే బాన్’ (పనిమనుషులు) నాటకం పారిస్‌లో ప్రదర్శితమైంది. ఇందులో అక్కచెల్లెళ్ళు అమ్మగారు లేనప్పుడు ఆమె బట్టలు కట్టుకుని వంతులవారీగా అమ్మగారి పాత్ర నటిస్తుంటారు. అమ్మగారికని కలిపిన విషాన్ని చివరికి చెల్లెలు తానే తాగుతుంది. బానిస ద్వేషం యజమానిని చేరలేక తన మీదికే తిరగటం ఝెనే చూపిన సత్యం. 1960లో దక్షిణ కొరియాలో కిమ్ కి-యంగ్ తీసిన ‘హన్యో’ (పనిమనిషి) మరో కోణం చూపింది. అందులోది పాత సంపన్న కుటుంబం కాదు, అప్పుడప్పుడే పైకెక్కుతున్న మధ్యతరగతి. భార్య రాత్రింబవళ్ళు కుట్టుపని చేసి కట్టించుకున్న రెండంతస్తుల ఇల్లు. ఆ ఇంటి మెట్ల మీదే అన్ని ఘోరాలూ జరుగుతాయి. 1963లో ఇంగ్లాండులో జోసెఫ్ లోజీ ‘ది సర్వెంట్’ తీశాడు. ఆయన అమెరికా కమ్యూనిస్టు వేటలో పని పోగొట్టుకుని ఇంగ్లాండు చేరిన దర్శకుడు. సినిమాకి స్క్రీన్‌ప్లే హెరాల్డ్ పింటర్ రాశాడు. నౌకరు మెల్లగా యజమానిని లొంగదీసుకుంటాడు. స్థానాలు తారుమారవుతాయి గాని ఇల్లు మారదు, కుళ్ళు పోదు.

ఈ మూడు రచనల్లోనూ సంఘర్షణ కోరిక చుట్టూ, శరీరం చుట్టూ, ఆధిపత్యం చుట్టూ నడిచింది. సంస్కృతిని, అంటే పుస్తకాన్నీ సంగీతాన్నీ చదువునీ, వర్గ సరిహద్దుగా నిలబెట్టే పని ఇంకా మిగిలివుంది. ఆ పని మొదట ఒక నేర నవలలో జరిగింది.

3

బ్రిటిష్ రచయిత్రి రూత్ రెండెల్ 1977లో ‘ఎ జడ్జిమెంట్ ఇన్ స్టోన్’ నవల ప్రచురించింది. నేర నవలల్లో హంతకులు ఎవరన్నది చివరిదాకా దాచటం సంప్రదాయం. రెండెల్ మొదటి వాక్యంలోనే హంతకురాలి పేరూ, హతుల పేరూ, కారణమూ చెప్పేసింది. ఆ కారణం చదవటం, రాయటం రాకపోవటం. పల్లెటూళ్ళో పెద్ద ఇల్లు, మర్యాదస్తులైన కవర్‌డేల్ కుటుంబం, నిరక్షరాస్యతని ప్రాణంలా దాచుకునే పనిమనిషి యూనిస్. నవల బిగువైనది, పరిశీలన సూక్ష్మమైనది. కాని దృక్పథంలో ఒక లోపం వుంది. కథకురాలు నిరక్షరాస్యతని ఒక వైకల్యంగా చూస్తుంది. చదువు లేకపోవటం వల్ల యూనిస్‌లో జాలీ ఊహాశక్తీ ఎండిపోయాయన్నట్టు చిత్రిస్తుంది. చదువుకున్నవాడికి హృదయం వుంటుంది, చదువు లేనివాడు రాయిలా మిగిలిపోతాడు! చదువుకున్న వర్గం తన గురించి తాను చెప్పుకునే కథల్లో ఇది చాలా పాతది.

షబ్రోల్ ఈ నవలనే తీసుకున్నాడు. కరోలిన్ ఎలియాషెఫ్ అనే మనోవిశ్లేషకురాలితో కలిసి స్క్రీన్‌ప్లే రాశాడు. కథని ఫ్రాన్సుకి, బ్రిటనీ ప్రాంతంలో సెయింట్ మాలో పరిసరాలకి మార్చాడు. అయితే అసలు మార్పు దృష్టిలో వచ్చింది. రెండెల్ నవల చదువురాని మనిషి లోపలికి చూసి అక్కడ ఏం కొరవడిందో లెక్కపెట్టింది. షబ్రోల్ ఆమె చుట్టూ వున్న అక్షరాన్ని చూశాడు. ఆ ఇంట్లో అక్షరం ఎవరి దగ్గర వుంది, ఎవరి మీద ఏ పని చేస్తోంది అని అడిగాడు.

లెలియేవ్ర్ కుటుంబంలో ఎవరూ దుర్మార్గులు కాదు. కేథరిన్ ఆర్ట్ గ్యాలరీ నడుపుతుంది, మర్యాదగా మాట్లాడుతుంది. భర్త ఝార్జ్ కాస్త అధికారం చూపించే మనిషి, అయినా క్రూరుడు కాదు. ఆయన మొదటి భార్య కూతురు మెలిందా కాలేజీ పిల్ల, ఉదార భావాల పిల్ల. పనిమనిషితో మర్యాదగా వుండాలని అమ్మానాన్నలకి చెప్పేది ఆమే. కొత్త పనిమనిషి సోఫీ చేతిలో వాళ్ళు పెట్టినవన్నీ మంచి ఉద్దేశంతో పెట్టినవే. రాసిన చీటీలు, కొనవలసిన సరుకుల జాబితాలు, ఆఫీసు ఫైళ్ళ గురించి ఫోను పురమాయింపులు. చూపు సరిగా లేదని ఆమె సాకు చెబితే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపుతారు, డబ్బు తామే ఇస్తామంటారు. డ్రైవింగు నేర్పిస్తామంటారు. వాళ్ళకి ఉపకారంగా కనిపించే ప్రతి పనీ సోఫీకి ఒక పరీక్ష. ఒక్క కాగితం ముక్క ముందు నిలబడ్డప్పుడు ఆమె ముఖంలో కనిపించే భయాన్ని సాండ్రిన్ బోనేర్ నటించిన తీరు చూస్తే, ఆ ఇంట్లో అన్ని గోడలూ అక్షరాలతో కట్టినవే అనిపిస్తుంది.

షబ్రోల్ పరిశీలన గట్టిది కావటానికి కారణం ఇక్కడే వుంది. ఆయన యజమానుల్ని రాక్షసుల్ని చెయ్యలేదు. చేసి వుంటే పని తేలికయ్యేది. మంచి యజమాని వుంటే సమస్య వుండదని ప్రేక్షకుడు సరిపెట్టుకునేవాడు. మంచితనం ఎంత వున్నా సంబంధం మారదన్నదే ఈ సినిమా చెప్పే సత్యం. మంచితనమే ఒక్కోసారి ఎక్కువ గాయం చేస్తుంది. కొట్టే యజమానిని ద్వేషించటం సులువు. చదువు నేర్పిస్తానన్న యజమానిని ఏం చెయ్యాలి?

ఆ ఘట్టాన్నే చూద్దాం. సోఫీకి చదవటం రాదని మొదట కనిపెట్టేది మెలిందా. ఒక పత్రికలో వచ్చిన ప్రశ్నావళిని సరదాగా ఆమెతో చదివించబోయి కనిపెడుతుంది. ఆమె అసహ్యించుకోదు, ఎగతాళి చెయ్యదు. నేను నేర్పిస్తానంటుంది. ఆ మాటకి సోఫీ స్పందన బెదిరింపు. మెలిందా గర్భవతి అన్న సంగతి ఫోను సంభాషణ విని పట్టుకున్న సోఫీ, ఈ రహస్యం బయటపెడితే ఆ రహస్యం మీ నాన్నకి చెబుతానంటుంది. ఉదారవాదులకి ఈ దృశ్యం మింగుడుపడదు. సాయం చెయ్యబోతే కాటేసిందే అంటారు. సోఫీ వైపు నుంచి చూడండి. ఇంతకాలం తనకంటూ వున్న ఏకైక ఆస్తి ఆ రహస్యం. దాన్ని ఒక యజమాని బిడ్డ, ఇరవై ఏళ్ళ పిల్ల, టీ తాగుతూ చేతిలోకి తీసుకుంది. నేర్పించటమనేది పైనుంచి కిందికి జారే దయగా వచ్చినప్పుడు, నేర్చుకునే మనిషి ముందుగా తన హీనత్వం ఒప్పుకోవలసివస్తుంది. చదువు దానంగా వస్తే దానం తీసుకున్నవాడి తల వంగే వుంటుంది.

పోస్టాఫీసు ఉద్యోగిని ఝాన్ పాత్ర (ఇసబెల్ యుపేర్) దీనికి రెండో పార్శ్వం. సోఫీకి అక్షరం రాదు, ఝాన్‌కి వచ్చు. కాని ఆమె చదివేది ఇతరుల ఉత్తరాలు. తమ ఉత్తరాలు విప్పి చదువుతోందని ఝార్జ్ ఆమె మీద మండిపడతాడు. చదువు వుండీ ఆ లోకంలో చోటు దొరకని మనిషి కసి ఆమెది. ఇద్దరికీ చీకటి గతం వుంది. ఝాన్ కూతురు చిన్నతనంలో చనిపోయింది, సోఫీ తండ్రి మంటల్లో పోయాడు. రెండింటిలోనూ వీళ్ళ మీద అనుమానాలున్నాయి, రుజువులు లేవు. షబ్రోల్ ఈ గతాల్ని అలాగే మసకగా వదిలేశాడు. అక్కడ మనస్తత్వం వుంది, వ్యాధి కూడా వుండొచ్చు. ఆయన దాన్ని దాచలేదు. అయితే దాన్నే కారణంగా నిలబెట్టి చేతులు దులుపుకోలేదు కూడా. ఎండిన గడ్డి, నిప్పు రెండూ వుంటేనే మంట. గడ్డి ఎవరు పేర్చారన్న ప్రశ్నని సినిమా చివరిదాకా వదలదు.

4

చివరి ఘట్టం ప్రపంచ సినిమాలో గుర్తుండిపోయే ఘట్టాల్లో ఒకటి. లెలియేవ్ర్ కుటుంబం గ్రంథాలయం గదిలో ముస్తాబై కూర్చుని టీవీలో మొజార్ట్ సంగీతనాటకం ‘డాన్ జొవాన్నీ’ చూస్తుంటారు. మెలిందా టేపురికార్డరు ఆ సంగీతాన్ని రికార్డు చేస్తుంటుంది. బెదిరింపు సంగతి తెలిసిన ఝార్జ్ అప్పటికే సోఫీని ఉద్యోగం నుంచి తీసేశాడు. ఆమె ఝాన్‌తో కలిసి ఇంట్లోకి వస్తుంది. ఇద్దరూ యజమానుల పడకమీద చాక్లెట్ పాలు పోస్తారు, బట్టలు చించుతారు, వేటతుపాకులు చేతిలోకి తీసుకుంటారు. ఆట ఎక్కడ ఆగి హత్య ఎక్కడ మొదలైందో చెప్పలేనంత మామూలుగా జరిగిపోతుంది. నలుగురూ చనిపోయాక తుపాకీ పుస్తకాల బీరువాల వైపు తిరుగుతుంది. ఆ గుళ్ళు పుస్తకాలకి తగులుతాయి.

మొజార్ట్ నాటకాన్ని షబ్రోల్ ఊరికే ఎంచుకోలేదు. ‘డాన్ జొవాన్నీ’ తొలి ప్రదర్శన 1787లో ప్రాగ్ నగరంలో జరిగింది, అంటే ఫ్రెంచి విప్లవానికి రెండేళ్ళ ముందు. అది మొదలయ్యేదే లెపొరెల్లో అనే నౌకరు పాటతో. రాత్రీ పగలూ దొరకి చాకిరీ చేస్తున్నానని మొర పెట్టుకునే పాట. నౌకరు మొర సోఫాలో కూర్చున్న యజమానులకి సంస్కృతి అవుతుంది, రసానుభూతి అవుతుంది. అదే ఇంట్లో వున్న నౌకరు మొర మాత్రం వాళ్ళ చెవిన పడదు. సోఫీ గదిలోనూ ఒక టీవీ వుంది. ఆమె గంటల తరబడి దాని ముందు కూర్చుంటుంది. ఒకే కప్పు కింద రెండు టీవీలు. కింద సంస్కృతి, పైన కాలక్షేపం. ఇంతకన్నా స్పష్టంగా వర్గ సమాజంలో కళాపంపిణీ గురించి చెప్పటం కష్టం.

పట్టుబడటం కూడా అక్షరం ద్వారా కాదు, శబ్దం ద్వారా. ఝాన్ టేపురికార్డరు తీసుకుని వెళుతుంది. దారిలో ఆమె కారు ఆగిపోతుంది. తమని సేవాకార్యక్రమం నుంచి వెళ్ళగొట్టిన ఫాదరీ కారే వచ్చి గుద్దటంతో చనిపోతుంది. పోలీసులు టేపు వేస్తే మొజార్ట్ సంగీతం మధ్యలో తుపాకీ శబ్దాలు వినిపిస్తాయి. సోఫీ చీకట్లో నడిచిపోతుంది. ‘సెరెమొనీ’ అన్న మాట ఒకప్పుడు ఫ్రాన్సులో గిలెటిన్ శిక్ష అమలుచేసే తంతుకి వాడుక పేరు. 1981లో మరణశిక్ష రద్దయిన దేశంలో, ఈ సినిమాలో శిక్షలు వేసేదెవరు, ఎవరి పక్షాన వేస్తున్నారు అన్న ప్రశ్న ఆ పేరులోనే మిగిలివుంది.

5

షబ్రోల్ ఈ సినిమాని సగం నవ్వుతూ ‘చివరి మార్క్సిస్టు సినిమా’ అన్నాడు. బెర్లిన్ గోడ 1989లో పడింది. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైంది. వర్గాలు పోయాయనీ చరిత్ర ముగిసిందనీ పశ్చిమదేశాల మేధావులు ప్రకటిస్తున్న రోజులవి. సినిమా ఫ్రాన్సులో విడుదలైంది 1995 ఆగస్టులో. ఆ నవంబరు, డిసెంబరు నెలల్లో పెన్షన్ల కోతకి వ్యతిరేకంగా రైల్వే కార్మికులు మొదలుకుని లక్షలాది మంది సమ్మెకి దిగి దేశాన్ని స్తంభింపజేశారు. పోయిందనుకున్న వర్గం వీధిలోకి వచ్చింది. అదే ఏడాది వెనిస్ చలనచిత్రోత్సవంలో బోనేర్, యుపేర్ ఇద్దరికీ కలిపి ఉత్తమ నటి బహుమతి వచ్చింది.

అయితే ఒక విషయంలో మనం స్పష్టంగా వుండాలి. నలుగురు మనుషుల్ని చంపటం వర్గపోరాటం కాదు. సోఫీకీ ఝాన్‌కీ సంఘం లేదు, సాటి పనివాళ్ళతో సంబంధం లేదు, రేపటి గురించి ఊహ లేదు. వాళ్ళ తిరుగుబాటు సంబంధాన్ని మార్చలేదు, మనుషుల్ని మాత్రమే నిర్మూలించింది. మార్గం మూసుకుపోయిన చోట వర్గద్వేషం ఎలా కుళ్ళి నేరంగా మారుతుందో చూపటం షబ్రోల్ విజయం. మార్గం తెరిచే శక్తి ఎక్కడుందో చూపకపోవటం ఆయన పరిమితి. ఆ నవంబరులో వీధిలోకి వచ్చిన రైల్వే కార్మికుడు ఆయన కెమెరాలో లేడు. ఇరవై నాలుగేళ్ళ తరవాత బాంగ్ జూన్-హో తీసిన ‘పారసైట్’ (2019) కూడా ఈ పరిమితిలోనే ఆగింది. కాన్‌లో అత్యున్నత బహుమతి, 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలుచుకున్న ఆ సినిమాకి పపాన్ అక్కచెల్లెళ్ళ కేసూ, కిమ్ కి-యంగ్ సినిమా కూడా ప్రేరణల్లో వున్నాయని దర్శకుడే చెప్పాడు. అక్కడ సరిహద్దు అక్షరం కాదు, వాసన. పేదవాడి ఒంటి వాసనకి ధనికుడు ముక్కు మూసుకున్న క్షణంలో కత్తి లేస్తుంది. కాని అంతకుముందే పేదలు పేదలతోనే తలపడి చస్తారు.

ఇక మన సంగతి. తెలుగు నాట గ్రంథాలయోద్యమం నాటి నుంచీ అక్షరాన్ని విముక్తి సాధనంగానే చూశాం. అది తప్పు కాదు. చదువు కావాలని అడిగి, కొట్లాడి సాధించుకున్నవాళ్ళకి అది విముక్తే అయింది. కాని అక్షరం తనంతట తాను ఎవరి పక్షమూ కాదు. ఎవరి చేతిలో వుంటే వాళ్ళ పని చేస్తుంది. పనిమనిషి గురించి మనం రాసే కథల్లో సాధారణంగా జాలి వుంటుంది. ఆమెని అర్థం చేసుకున్నామన్న తృప్తీ వుంటుంది. మెలిందాకి కూడా ఆ రెండూ వున్నాయి. ఆ కథ ఆమె చదవలేదన్న సంగతి, రాసేవాళ్ళం కనుక, మనకి తట్టదు. సోఫీ కాల్చిన బీరువాలో వున్నవి ఆమె గురించి సానుభూతితో రాసిన పుస్తకాలు కూడా కావచ్చు. ఆ పుస్తకాలు రాసింది మనలాంటివాళ్ళే. పుస్తకం ఆమెకి ఎందుకు శత్రువులా కనిపించిందన్న ప్రశ్నకి జవాబు వెతకవలసిన బాధ్యత కూడా రాసేవాళ్ళదే.